ఆదివారం వెలిగే లైటు

"లైట్ వెలుగుతలేదు కదా మేడమ్," అన్నాడు తరుణ్, కారు డ్యాష్‌బోర్డు వంక చూస్తూ.

"నిన్న చర్చికి పొయ్యేదాక వెలిగింది, వచ్చేదాక వెలిగింది. నేనేమన్న అబద్ధం చెప్తున్ననా?"

నిస్సి ఫోను తీసి వీడియో చూపించింది. అందులో బ్రేకు గుర్తు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

ఇది మూడో సోమవారం. మెదక్ బస్టాండ్ వెనక తరుణ్ షెడ్డుకి ఎంత మొండి బండి వచ్చినా సాయంత్రానికి దారికొచ్చేది. ఈ టీచరమ్మ పాత తెల్ల కారు మాత్రం అతనితో మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోంది. బ్రేకు ఆయిల్ నింపాడు, ప్యాడ్లు చూశాడు, స్విచ్చు మార్చాడు, వైర్లన్నీ తడిమాడు.

"మీ బండికి సండే ఒక్కనాడే జ్వరమొస్తదా?"

"డాక్టరు మీరు. నన్నడిగితే ఎట్ల?"

నవ్వితే ఆమె ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. బ్రేకులు పరీక్షించాల్సిన మనిషి దాన్ని పరీక్షిస్తూ నిలబడిపోయాడు.

"ఈ ఆదివారం గూడ వెలిగితే అమ్మ బండి అమ్మెయ్యమంటది," నిస్సి గొంతు తగ్గింది. "బ్రేకు లైటంటే ఆమెకు మస్తు భయం. కానీ ఇది నాన్న కొన్న బండి. ఆయన పోయినంక గిదొక్కటే మిగిలింది."

తరుణ్ మళ్ళీ డ్యాష్‌బోర్డు వంక చూశాడు. కారు పోతే ఆమె ఏడుస్తుంది, అదొకటి. తనకు సోమవారాలు పోతాయి, ఆ సంగతి పైకి చెప్పుకునేది కాదు.

"అయితే సండే నేనే మీ ఎంబడి వస్త. జ్వరమున్నప్పుడే నాడి చూడాలె."

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళలో గ్రీజు పోయేదాకా నిమ్మచెక్కతో రుద్దుకుని వెళ్ళాడు. సన్నగా తుంపర పడుతోంది. నిస్సి స్టీరింగ్ ముందు కూర్చుంది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆమె తల్లి లలితమ్మది ఎప్పుడూ ముందు సీటే. తరుణ్ వెనక సర్దుకున్నాడు.

లలితమ్మ బైబిలు, పాటల పుస్తకం ఉన్న గుడ్డసంచిని రెండు సీట్ల మధ్య కుక్కింది. నిస్సి హ్యాండ్ బ్రేకు దించి బండి స్టార్ట్ చేసింది. ఎర్ర లైటు ఆరలేదు.

"చూసిన్రా?"

తరుణ్ ముందుకు వంగాడు. సంచి మూల హ్యాండ్ బ్రేకు కింద ఇరుక్కుంది. అది పూర్తిగా కిందికి దిగడం లేదు.

"అమ్మా, ఈ సంచి రోజూ కార్లనే ఉంటదా?"

"లేదు బిడ్డా, ఆదివారమే. మునుపు ఒళ్ళె పెట్టుకుంటుంటి, మోకాళ్ళు నొస్తున్నయని మూడు వారాల సంది ఈడ పెడుతున్న. ఇంటికి రాంగనే లోపలికి తీస్కపోత. షెడ్డుకు పొయ్యే బండాయె, దేవుని వాక్యానికి గ్రీజు అంటొద్దు గద."

సంచి తీస్తే లైటు ఆరుతుంది. లైటు ఆరితే నిస్సికి షెడ్డుతో పని లేదు. ఒక్క క్షణం నోరు మూసుకుందామా అనిపించింది తరుణ్‌కి. కానీ బ్రేకు రాసుకుంటూ పోయే బండిలో ఆమెను పంపడం అతని వల్ల కాలేదు. సంచి లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. హ్యాండ్ బ్రేకు టక్కున కిందికి దిగింది. లైటు ఆరిపోయింది.

"గింతేనా? మూడు వారాలు పరేషాన్ చేసింది గీ సంచేనా?" అంది నిస్సి.

"గింతే. ఇగ మీరు షెడ్డుకు రారు. నాకు గదే బాధ."

అనేశాక గానీ ముందు సీట్లో తల్లి ఉన్న సంగతి గుర్తు రాలేదు. తల దించుకుని సంచి మూతి సర్దసాగాడు.

లలితమ్మ మెల్లగా వెనక్కి తిరిగి అతన్ని చూసింది.

"బండి బాగైనట్టేనా?"

"బాగైందమ్మా. అమ్మే పని లేదు."

"మరి ఈ సంచి ఏడ పెట్టాలె? నా మోకాళ్ళ మీద బరువు ఆగదు."

నిస్సి అద్దంలోంచి అతన్నే చూస్తోంది. సొట్ట పడింది.

"ఆయన ఒళ్ళెనే ఉండనియ్యమ్మా."

"ప్రతి ఆదివారం వస్తడా?"

"వస్తనమ్మా," అన్నాడు తరుణ్, సంచిని రెండు చేతులా పట్టుకుని.

లలితమ్మ ముందుకు తిరిగి కొంగు సర్దుకుంది.

"జర తొందరగ రావాలె మరి. లేటైతే ముందు వరుసల జాగ దొరకదు."