నాన్న బండికి కొత్త లైట్లు

నోరీన్ టీ కలుపుతోంది. బల్ల దగ్గర కూర్చున్న మెర్విన్ రోజూ సణిగేదే మళ్లీ మొదలెట్టాడు.

"అవి లైట్లా? గుడ్డి దీపాలు! నిన్న పొద్దుగూకాక కంచె దగ్గర్నుంచి వస్తుంటే ముందేముందో కనబడి చావలేదు."

"రొట్టె తిను, చల్లారిపోతోంది" అంది నోరీన్, అటు తిరక్కుండానే.

ఆ ఫోర్‌వీల్ బండి వాళ్ల పెళ్లినాటిది. కన్నముల్లా టౌనుకెళ్లాలన్నా, గొర్రెల మందను చూసి రావాలన్నా వాళ్లకదే ఆధారం. దాని స్టీరింగు ఏళ్లుగా ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు మెర్విన్. ఆ మొండితనం సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు.

గనిలో పెద్ద లారీలు బాగుచేసే కూతురు బ్రోన్విన్ సెలవుకు వస్తూ కొత్త లైట్లు తెచ్చింది. తండ్రి ఫోనులో పోరి పోరి తెప్పించుకున్నాడు.

"దండగమారి ఖర్చు. ఇప్పుడవి ఎందుకే?" అంది తల్లి.

"నీకేం తెలుసు? నడిపేది నువ్వా నేనా?" అని కసిరాడు మెర్విన్. నోరీన్ పళ్లు కరుచుకుని గిన్నెలు కడగడానికి లేచిపోయింది. అలా లేచిపోవడం ఆమెకు అలవాటే.

బ్రోన్విన్ రోజంతా షెడ్డు ముందు బండి కింద పడుకుని పనిచేసింది. పాత బళ్లలో బాటరీ నుంచి కరెంటు సన్నటి తీగలో స్విచ్చు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి లైట్లకు వస్తుంది. వచ్చేసరికి సగం నీరసపడిపోతుంది. అందుకని బాటరీ నుంచి లైట్లకు నేరుగా లావుపాటి తీగ లాగి, మధ్యలో రిలే అనే చిన్న డబ్బీ పెట్టింది. స్విచ్చు నొక్కితే రిలే టిక్కుమంటుంది, లైట్లు వెలుగుతాయి.

పొద్దు వాలింది. గాలా పిట్టల గోల సద్దుమణిగింది. తల్లీ తండ్రీ వచ్చి బండి పక్కన నిలబడ్డారు. రిలే పనిచేస్తోందో లేదో చూద్దామని బ్రోన్విన్ లోపలికి చెయ్యి చాపి స్విచ్చు నొక్కింది. టిక్కుమంది.

"అబ్బ!" అన్నాడు మెర్విన్. "ఇవీ లైట్లంటే! షెడ్డు గోడ మీద చీమ పాకినా కనబడేట్టుంది. శభాష్ తల్లీ!"

బ్రోన్విన్ తండ్రి ముఖంలోకి చూసింది. లైట్ల తీగకు పెట్టాల్సిన ఫ్యూజు ఇంకా ఆమె అరచేతిలోనే ఉంది. షెడ్డు గోడ చీకట్లో ఉంది.

"నాన్నా... లైట్లు ఇంకా వెలగలేదు."

మెర్విన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "అదే... వెలిగితే అలా ఉంటుందని అన్నాలే."

"ఎంతకాలం నుంచి?"

జవాబు నోరీన్ చెప్పింది. "పోయిన చలికాలం నుంచి. పగలు మసకగా కనబడుతుంది. పొద్దుగూకితే అంతే."

"నీకు తెలుసా? తెలిసి పక్కన కూర్చుంటున్నావా? మరి ఎలా నడుపుతున్నాడమ్మా!"

"నేను చెబుతుంటాను. కుడికి కొట్టు, ఎడమకి కొట్టు, కంగారూ అడ్డమొచ్చింది బ్రేకు వెయ్యి అని. ఆయన తిప్పుతుంటాడు."

"మీ ఇద్దరికీ మతి పోయిందా? ఏ చెట్టుకో గుద్దుకుని చచ్చేవాళ్లు! డాక్టరు దగ్గరికి ఎందుకెళ్లలేదు?"

"ఎందుకా? లైసెన్సు లాగేసుకుంటారు కనక!" మెర్విన్ గొంతు చించుకున్నాడు. "తర్వాత? ఈ గొర్రెల్నీ నేలనీ అమ్ముకుని, టౌన్లో నాలుగ్గోడల మధ్య కూర్చోవాలా? బండి లేకపోతే ఇక్కడ బతుకు లేదు. నడిపేవాడు లేకపోతే బండి ఎందుకు?"

"నడిపేవాడు!" అంది నోరీన్. "నువ్వు కడుపులో ఉన్నప్పుడే బ్రోన్, నేర్పించమని అడిగాను. ఒక్కసారి గేరు తప్పు వేస్తే, ఉన్ని కత్తిరించేవాళ్లందరి ముందూ ఏడాది పొడుగునా నవ్వాడు. మళ్లీ అడగలేదు. ఇప్పుడు చూపు నాది, స్టీరింగు ఆయనది. ఏం మెర్విన్, నా కళ్లు పనికొచ్చాయి, నా చేతులు పనికిరాలేదా?"

మెర్విన్ ముఖం పాలిపోయింది. జేబులోంచి తాళంచెవి తీసి, భార్య ఎటు నిలబడిందో పోల్చుకోలేక ఇద్దరి మధ్యకూ చెయ్యి చాపాడు. చూస్తున్న బ్రోన్విన్‌కు ఏడుపాగలేదు. తాళంచెవి నోరీనే అందుకుంది.

ఫ్యూజు పెట్టగానే గోడ భగ్గున వెలిగింది. నోరీన్ స్టీరింగు ముందు కూర్చుంది, కూతురు మధ్యలో, మెర్విన్ ఎడమ పక్కన. "క్లచ్ మెల్లగా వదులమ్మా" అంది బ్రోన్విన్. బండి రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి కుదుపుతో కదిలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొంతదూరం వెళ్లాక నోరీన్ బ్రేకు వేసింది.

"ఎందుకాగావు?" అన్నాడు మెర్విన్.

"గేటు."

"అయితే?"

"ఎడమ పక్క కూర్చున్నవాళ్లే కదా దిగి తీసేది."

బ్రోన్విన్ లేవబోతే తల్లి మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. మెర్విన్ దిగాడు. ఆ వెలుగులో నిలబడి గేటంతా తడుముకుంటున్నాడు.

"నోరీన్! గొలుసు ఎటుపక్కే?"

"కుడి పక్క. నడుమెత్తున. తుప్పు పట్టింది, చెయ్యి కోసుకుంటుంది, జాగ్రత్త."

గొలుసు తీసి, గేటు తోసి, బండి దాటాక మళ్లీ వేసి వచ్చాడు. ఎక్కి తలుపు మూశాక కూడా అరచేతులు ఒళ్లో విప్పుకునే ఉన్నాడు.

"వానలోనూ నువ్వే దిగేదానివి కదూ."

"ఊఁ."

"బ్రోన్ కడుపులో ఉన్నప్పుడు?"

"అప్పుడూ దిగాను."

మెర్విన్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నాకప్పుడు కళ్లు బాగానే ఉన్నాయి కదే" అన్నాడు.

ముందు దారి పట్టపగల్లా వెలుగుతోంది. కళ్లనిండా నీళ్లు, నోరీన్‌కు ఏమీ కనబడలేదు. తుడుచుకునేదాకా బండి అక్కడే ఆగింది.