అమ్మాయి కనిపెట్టిన మందు

పొద్దున కాఫీ తాగుతూ టీవీ మెకానిక్ తన ఆపరేషన్ వాయిదా వేయించానని భార్యకు చెప్పాడు. కుళాయి నీళ్లు ఇవాళ ఆలస్యమట అన్నంత మామూలుగా చెప్పాడు. గడ్డ తలలో ఉంది, వేగంగా పెరిగే రకం.

"అమ్మాయి మందు కనిపెడుతోందిగా. నాలుగు రోజులు ఆగితే పోయేదేముంది?"

అమ్మాయి ఎనిమిదేళ్లుగా ల్యాబులో ఇలాంటి గడ్డల మీదే పనిచేస్తోంది. మందు దాదాపు తయారైపోవచ్చిందని ఆయన వీధంతా చెప్పాడు. వీధి నమ్మిందో లేదో గానీ, చెప్పి చెప్పి ఆయన నమ్మేశాడు.

తల్లి ఫోన్ చేసిన అరగంటకు కూతురు రెండు కాళ్లకూ రెండు రకాల చెప్పులతో దిగింది.

"నా దగ్గర మందు లేదు నాన్నా."

"మరి ఎనిమిదేళ్లూ ఏం చేశావే?"

"కణం మీద సన్నటి నూగులాంటిది ఒకటుంటుంది. యాంటెన్నా అనుకో. దాని మీదుండే ప్రొటీన్లు బయటి కబుర్లు పట్టి లోపలికి చేరవేస్తాయి. పెరగమంటే కణం పెరుగుతుంది. అది చూస్తున్నా."

యాంటెన్నాలు బిగించడానికి ముప్పయ్యేళ్లు జనాల డాబాలెక్కినవాడు కాఫీ పక్కన పెట్టాడు. "పీకెయ్ మరి."

"పీకి చూశాం. కొన్ని గడ్డలు నెమ్మదించాయి. కొన్ని ఇంకా రెచ్చిపోయాయి. కొన్నిట్లో అసలు యాంటెన్నాలే సరిగా లేవు."

"నా దాంట్లో?"

"బయటికి తీస్తేగానీ తెలీదు."

"అంటే నీకూ తెలీదన్నమాట."

"తెలీదు. నువ్వు అందరికీ గొప్పగా చెప్తుంటే కాదనలేకపోయా. ఇప్పుడు నన్ను నమ్ముకుని నీకేమన్నా అయితే నేనెట్లా బతకను?"

తల్లి స్టవ్ కట్టేసింది.

"సెట్టు విప్పకుండా రోగం చెప్పాడని మా షాపులో ఒకణ్ణి తరిమేశాను," అన్నాడాయన చివరికి. "నీతో అదే పని చేయించబోయాను."

"ఆపరేషన్‌తో పూర్తిగా పోతుందని చెప్పలేను నాన్నా. కొంత టైం దొరుకుతుంది. ఆ టైంలో మిగతా వైద్యం."

"సరేలే."

డాక్టరుకు ఆయనే ఫోన్ చేశాడు. ముందు ఇచ్చిన మంగళవారం ఇంకా ఖాళీగానే ఉంది. తీసిన ముక్క మా అమ్మాయి ల్యాబుకు ఇవ్వడానికి సంతకం ఎక్కడ పెట్టాలని కూడా అడిగాడు.

కూతురు ఏడుస్తోంది. ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడం ఆయనకు చేతకాదు. న్యూస్‌పేపరూ పెన్నూ ఆమె ముందుకు తోశాడు.

"ఆ యాంటెన్నా ఎట్లా ఉంటుందే? గీసి చూపించు."

ఎనిమిదేళ్లలో మందు ఊసు లేకుండా ఆమె పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె కళ్లు తుడుచుకుని కుర్చీ దగ్గరకు లాక్కుంది.