విప్పిన పలుపు

గణపతిరావుకి చేతుల వణుకు వచ్చాక, ఇక మోటారుసైకిలు ఎవరికైనా ఇచ్చెయ్యమని గజపతినగరంలో డాక్టరు దగ్గర్నుంచి టీకొట్టువాడి దాకా అందరూ చెప్పారు. ఆయన ఎవరి మాటా వినే రకం కాదు. పక్కింటివాళ్ల కోళ్లగంపను గుద్దాక మాత్రం తనే తగ్గాడు. అక్క జగ్గమ్మ కొడుకు గిరిబాబుకి ఇస్తానన్నాడు. పెళ్లయిన ఏడు కొన్న బండి అది. అదే మొదటిది, తర్వాత ఇంకోటి కొనలేదు.

భార్య దుర్గ పోయిన దగ్గర్నుంచి వెనక సీటు మీద ఎవరినీ ఎక్కించుకోలేదాయన. ఆవిడ ఎక్కి, చీర సర్దుకుని, ఆయన ఎడమ భుజం మీద రెండుసార్లు తట్టేది. ఇక పోనియ్యమని అర్థం. జ్వరంతో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు కూడా అలాగే తట్టి, వీపుకి ఆనుకుని పడుకుంది. ఆసుపత్రి గుమ్మంలో "దిగవే" అంటే దిగలేదు.

భోజనాలయ్యాక గిరిబాబు ఆ బండి మీదే ఆమదాలవలసలో తమ ఇంటికి బయల్దేరాడు. జగ్గమ్మ తమ్ముడి దగ్గర కొన్నాళ్లుందామని ఆగింది. గణపతిరావు బండికి బొట్టు పెట్టి, హ్యాండిల్‌కున్న పసుపు పీలికను విప్పేశాడు. మొదటి పూజనాడు దుర్గ తన చీరచెంగు చింపి కట్టిన పీలిక అది.

"అదెందుకు ఇప్పుతన్నావు?" అంది జగ్గమ్మ.

"ఎద్దునిచ్చినా మెడలో పలుపుతాడు ఇవ్వం కదప్పా. పలుపుంటే ఇంటి కళ ఇంట్లోనే ఉంటాది."

"ఎద్దు మీద ఆడమనిసి కూకోదురా," అని గొణిగింది జగ్గమ్మ. ఆయన పట్టించుకోలేదు. బండి మలుపు తిరిగేదాకా చూసి, కళ్లు తుడుచుకుని లోపలికొచ్చాడు. ఇల్లంతా బోసిపోయినట్టుంది.

దీపాలు పెట్టే వేళకి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. తడిమట్టి వాసనలో పెట్రోలు వాసన కలిసింది. దాని వెనకే పచ్చి పసుపు వాసన. ఫోను మోగింది.

"మావా..." గిరిబాబు గుసగుసలాడుతున్నాడు. "నా ఎనకాల ఎవులో కూకున్నారు."

"బండి ఆపీ. దిగిపో."

"ఆగట్లేదు మావా. ఎనక్కి తిరిగిపోనాది... మీ ఊరే వస్తన్నాది. నా ఈపుకి ఆనుకున్నాది... సల్లగా ఉన్నాది."

"ఎనక్కి సూడకు. ఇంటన్నావా? సూడకు."

"భుజం మీద తడతన్నాది..."

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. ఏటయిందని జగ్గమ్మ అడుగుతుంటే ఆయన వాకిట్లోకి వచ్చేశాడు. దుర్గ ఆ రోజు దిగలేదు. ఇన్నేళ్లూ దిగనే లేదు. ఆ మనిషిని బండితో పాటు పంపించేసి, పలుపు మాత్రం ఇంట్లో ఉంచుకున్నాడు. ఇప్పుడు పలుపున్న చోటికే వస్తోంది.

చప్పుడు వినిపించింది. ఆ ఇంజను చప్పుడు నిద్రలోనైనా పోల్చుకోగలడాయన. నెమ్మదిగా మలుపు తిరిగి... వాకిట్లో, ఎప్పుడూ నిలబెట్టే చోటే ఆగింది.

గిరిబాబు బిగుసుకుపోయి కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

"దిగురా నాయినా," అంది జగ్గమ్మ.

దిగలేదు. పట్టి లాగింది. రాలేదు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. వీపు మీద మాత్రం చొక్కా పొడిగా ఉంది.

"తమ్ముడా... నా కొడుకుని ఒగ్గీమని సెప్పరా," అంది. ఎవరికి చెప్పాలో అనలేదు.

గణపతిరావు పరుగున వెళ్లి పీలిక తెచ్చాడు. "కట్టేస్తన్నానే... పిల్లోణ్ణి ఒగ్గీ." హ్యాండిల్ చుట్టూ తిప్పాడు. ముడి వెయ్యాలి. చేతులు వణికాయి. కొస జారింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది. గిరిబాబు గొంతులో సన్నటి గురక... ఆగిపోతోంది. ఒక్క ముడి. వేళ్లు మాట వినలేదు. ఆయనకి చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది.

"నా వల్ల కావట్లేదే," అన్నాడు.

చీకట్లో ముడి బిగిసింది.

గిరిబాబు ఒక్కసారిగా ఊపిరి పీల్చి తల్లి మీదకి ఒరిగిపోయాడు. జగ్గమ్మ వాణ్ణి అరుగు మీదకి ఈడ్చుకుపోయింది. "నువ్వూ వచ్చీ తమ్ముడా," అని పిలిచింది.

వెళ్లబోయాడు. చెయ్యి రాలేదు. ముడిలో హ్యాండిల్‌తో పాటు ఆయన మణికట్టు కూడా ఉంది.

వెనక సీటు కిర్రుమంటూ కొంచెం కుంగింది. ఎడమ భుజం మీద ఎవరో తట్టారు. ఒకసారి... ఇంకోసారి.