విని, తిరిగి పలకండి

యూనివర్సిటీ లాంగ్వేజ్ ల్యాబ్‌లో, మూడో బూత్‌లో మనిషి చనిపోయి ఉన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి. టేపు మాత్రం "విని, తిరిగి పలకండి" అంటూ పాఠం చెప్పుకుపోతూనే ఉంది.

అతను మన ఏజెంట్. మర్నాడు పొద్దున్న అదే బూత్‌లో ఇంకో ఏజెంట్ కూర్చుంది. నలభై దాటిన ఆడమనిషి. భుజాన నూలు సంచి, సంచిలో టిఫిన్ డబ్బా, డబ్బా మూతలో వైర్‌లెస్. గంట తిరక్కుండానే క్లాసంతా ఆమెని 'అక్కా' అనేసింది.

చీఫ్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ బాబాయి అంటారు. బ్రీఫింగ్‌లో ఆయన చెప్పింది క్లుప్తంగానే.

"మనవాణ్ణి చంపిన ముఠా మనిషి ఆ క్లాసులోనే ఉన్నాడమ్మా. అక్కడ నేర్పే పరాయి భాష వాడికి ఉగ్గుపాలతో వచ్చింది. రానట్టు నటిస్తున్నాడు. మధ్యాహ్నం ఆడిటోరియంలో మన మిసైల్ సైంటిస్టు ఉపన్యాసం. ఆయనకి మంచినీళ్ళందించే వాలంటీర్లు ఆ క్లాసు వాళ్ళే."

"మీటింగ్ ఆపేస్తే పోలా?"

"వాడు జారిపోతాడు. రేపు ఇంకోచోట తేలతాడు."

"నాకా భాషలో ముక్క రాదు బాబాయ్."

"మంచిదేగా, రానివాళ్ళలో కలిసిపోతావు. మేడమ్ సాయం చేస్తుంది. పనయ్యాక 'పొయ్యి కట్టేశాను' అను, చాలు."

మేడమ్ అంటే టీచరు. పట్టు స్కార్ఫు, గదికంతా సరిపడే సెంటు. మనకీ ముఠాకీ కూడా సమాచారం అమ్మే డబుల్ ఏజెంట్, గోడ మీద పిల్లి. హంతకుడి మొహం తనకీ తెలియదంటుంది. అంటుంది, అంతే.

అక్క అందరినీ అనుమానించింది. మందుల షాపాయన వేళ్ళు వణుకుతున్నాయి. నర్సు మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. రిటైరైన డ్రిల్ మాస్టారొక్కడే ఏది అడిగినా తప్పు చెప్పి, "మట్టిబుర్ర తల్లీ నాది" అంటూ నవ్విస్తున్నాడు.

క్లాసు ముగిసే వేళయింది. బెల్ మోగితే అందరూ ఆడిటోరియానికే. అక్క కళ్ళతోనే సైగ చేసింది. మేడమ్ టేపు మార్చింది.

పొద్దున్నే అక్క తెలుగులో చెప్పి, మేడమ్ చేత ఆ భాషలో రికార్డు చేయించిన వాక్యం అది: 'మీ కుర్చీ కింద బాంబు ఉంది, ఇప్పుడే పేలుతుంది.' మేడమ్ అదే చదివిందో, 'పారిపో' అని తనవాడికి కబురే పెట్టిందో, అక్కకి తెలిసే దారి లేదు.

టేపు పలికింది. మందుల షాపాయన బుద్ధిగా తిరిగి పలికాడు. నర్సు రాగం తీసింది. చావు కబురు ఎక్కాల్లా వల్లిస్తున్నారు. డ్రిల్ మాస్టారు గొంతు మాత్రం సగంలో తెగింది. హెడ్‌ఫోన్స్ లాగి పారేసి తలుపు వైపు దూకాడు.

టిఫిన్ డబ్బా గాల్లో లేచి అతని మోకాలి చిప్పకి తగిలింది. కూలబడ్డాడు. అతని సంచిలోంచి ఫ్లాస్కు దొర్లింది. దాని మూతలో తెల్లటి గుళిక. అప్పుడే బెల్ మోగింది.

"పొయ్యి కట్టేశాను బాబాయ్," అంది అక్క, సొట్టపోయిన మూతలోకి.

వాణ్ణి లాక్కుపోయాక మేడమ్ స్కార్ఫు సర్దుకుంది. "మీరు చెప్పిందే చదివాను. ఇకనైనా నామీద నమ్మకం కుదిరిందా?"

"అయ్యో, కుదరకేం మేడమ్!"

మేడమ్ చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఆగి, అక్క మెల్లగా వంగి తన కుర్చీ కింద చూసుకుంది.