వానలో సబ్బు ఉండదు

ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించలేదని ఆ ఆదివారం పొద్దున్నే గాథోగో మొదలుపెట్టాడు.

"మొగుడికి చల్లారిన టీ పోసే ఇల్లు న్యహురురు ఊరు మొత్తం మీద మనదొక్కటే."

"ఆఖరున పోసుకున్నది మీరే, మురేతి నాన్నా," అంది న్యోకాబి, ఉడికిన బంగాళాదుంపలు, మొక్కజొన్న గింజలు మెదుపుతూ.

అతను కిటికీలోంచి టార్పాలిన్ కప్పిన కారు వైపు చూశాడు. ఊళ్లో అందరూ జపాన్ నుంచి దిగిన పాత బండ్లు కొంటుంటే, వారంటీ ఉంటుందని పట్టుబట్టి కొత్తది కొన్నాడు. ఆ వారంటీ అయిపోయిన నెలకే సంత దారిలో స్టీరింగు ముందున్న హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, గేరు కదలనంది. బండిని నడిపించే కంప్యూటర్ పెట్టె పాడైందన్నారు. దాని ఖరీదు, కొడుకు మురేతి తన కాబోయే భార్య వంజేరి ఇంటివాళ్లకి ఓలిగా ఇవ్వాల్సిన మేకల కోసం కూడబెట్టిన సొమ్ముకి దాదాపు సమానం.

అప్పటినుంచీ ఇంట్లో అదే మాట. వినీ వినీ న్యోకాబికి ఒళ్లు నొప్పులు పుట్టినట్టుగా ఉంది.

మురేతి గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే తండ్రి అందుకున్నాడు.

"ఓలి ప్రయాణం ఆగస్టు దాటాక పెట్టుకుందాం నాన్నా." కొడుక్కి పెట్టింది తన తండ్రి పేరే కనుక గాథోగో వాణ్ని ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. "ముందు బండి బాగవ్వాలి. పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వియ్యంకుల వాకిట్లో జనమెక్కే మటాటు వ్యాను దిగమంటావా?"

"వంజేరి వాళ్లు చుట్టాలందరికీ చెప్పేసుకున్నారు."

"నన్నేం చేయమంటావు? మీ అమ్మ వాన నీళ్లలో తోలకపోతే ఈ గతి పట్టేదా?"

మురేతి తల్లి వైపు చూడలేదు. రెండో బూటు చేతిలోనే ఉండిపోయింది.

"సరే, ఆ ఓలి డబ్బు తీసుకోండి," అన్నాడు మెల్లగా. "వంజేరికి నేను చెప్పుకుంటాను."

న్యోకాబి కర్ర గరిటె గిన్నెలో వదిలేసింది.

"గ్యారేజీలో ఆ పెట్టె మూత తీసినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను," అంది. గొంతు పెంచలేదు. "లోపల సబ్బు తెల్లగా ఎండి అంటుకుని ఉంది. అతను మీకూ చూపించాడు. వానలో సబ్బు ఉండదు, మురేతి నాన్నా."

గాథోగో కుర్చీలోంచి లేచాడు.

"ప్రతి శనివారం వాగు దగ్గరికి తోలుకెళ్లి, బానెట్ ఎత్తించి, సబ్బు పెట్టి పైపుతో ఇంజను కడిగించింది ఎవరు? నేను అద్దాలు తుడిస్తే చాలదన్నారు. మీరే చెబుతారు కదా అని ఇన్నాళ్లూ చూశాను. నా మీద పెట్టినా ఊరుకున్నాను. వాడి పెళ్లి మీద పెడితే ఊరుకోను."

అతను పెరట్లోకి వెళ్లిపోయాడు. భోజనానికి పిలిచేదాకా ఆ టార్పాలిన్ పక్కనే నిలబడి ఉన్నాడు.

ముగ్గురూ కూర్చున్నారు. మేక మాంసం పులుసు తన పళ్లెంలో వేసుకోబోయి, గాథోగో గరిటె కొడుకు పళ్లెం వైపు తిప్పాడు.

"మీ తాత పికప్పు ఇంజను వారం వారం నాచేతే కడిగించేవాడు. ముప్పై ఏళ్లు నడిచింది అది. అన్ని బండ్లూ అంతే అనుకున్నాను." గరిటె తిరిగి గిన్నెలో పెట్టాడు. "అనుకున్న రోజే వెళ్తున్నాం. మటాటు నేను మాట్లాడతాను. ఓలి డబ్బు ముట్టుకోవద్దు. కారు ఉన్నదున్నట్టు అమ్మేస్తున్నా."

"తక్కువకి పోతుంది నాన్నా," అన్నాడు మురేతి.

"పోనీ. కొనేవాడికి సబ్బు సంగతి కూడా చెప్పే అమ్ముతాను." ఈసారి భార్య వైపు తిరిగాడు. "వాన కాదు. నేనే."

న్యోకాబి తలెత్తలేదు. పళ్లెం మసకగా కనబడుతోంది. అతను ఫ్లాస్కు తీసి ముందు ఆమె కప్పులో టీ పోశాడు, తర్వాత మూత గట్టిగా బిగించాడు.