బొటనపొర

2081 నాటికి విశాఖపట్నంలో గిటార్ నేర్చుకునే ప్రతివాళ్ల ఎడమ బొటనవేలి మీదా ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుండేది. అది బొటనపొరది. ఉల్లిపొర కంటే పలచని ఆ సెన్సర్ పొరను వేలికి అతికిస్తే చర్మంలో కలిసిపోయినట్టే ఉంటుంది. గిటార్ మెడ వెనక, మధ్యవేలికి ఎదురుగా బొటనవేలు ఆనాలి. అది పైకి పాకి మెడ అంచు మీంచి తొంగిచూసిందా, మిగతా వేళ్లకి తీగలు అందవు, అందినా బరబరమంటాయి. వేలు అలా పాకబోతే పొరలోని సూక్ష్మ విద్యుత్తు దాన్ని మెల్లగా చోటుకి లాగుతుంది. చుక్క వెలుగుతోందంటే వేలు సరిగ్గా ఉన్నట్టేనని ఊరంతా నమ్మకం.

ఫిలోమినా టీచర్‌కి మాత్రం ఆ చుక్కని చూస్తే ఒళ్లు మంట. డెబ్బై ఏళ్ల ఆవిడ పాలప్యాకెట్టు మీద తేదీని కూడా రెండుసార్లు చదివే రకం. ఆవిడ కాలంలో పొరలూ లేవు, దీపాలూ లేవు. మెడ వెనక వేలు ఆనాల్సిన చోట సగం చింతపిక్క అంటించేది. వేలు దాన్ని తడుముకుంటూ వెళ్లి కూర్చునేది.

ఆ రోజు పదకొండు గంటలకి ఆవిడ శిష్యురాలు తరళకి సంగీత విద్యాపీఠంలో సీటు కోసం పరీక్ష. పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల నాలుగేళ్లుగా కలగంటున్న సీటు. ఇది విద్యార్థి సొంత వాయింపేనని గురువు సంతకం పెడితేనే లోపలికి రానిస్తారు. టీచర్ కలం ముట్టలేదు.

"నువ్వు వాయిస్తన్నావో, పొర వాయిస్తందో నాకేటి తెలుస్తాది? ఎవర్ని నమ్మి సంతకం పెట్టమంటావే?"

"రెండేళ్ల నుంచి పక్కనే కూచుని వింటన్నారు కదండీ!" అంది తరళ ఏడుపు గొంతుతో.

విన్నందుకే టీచర్‌కి అనుమానం. ఇంత చిన్న పిల్లకి అంత కుదురైన వేలా? పొద్దున్నే తరళని ఋషికొండ మీది పరిశోధనశాలకి లాక్కెళ్లింది. పొరను కనిపెట్టిన డాక్టర్ జెకర్యా ఒకప్పుడు ఆవిడ దగ్గర గిటార్ నేర్చుకున్నవాడే. అతని దగ్గర నాడీదర్శి అనే యంత్రం ఉంది. అందులో చెయ్యి పెట్టి వాయిస్తే, ఏ కదలిక మనిషిదో ఏది పొరదో విడదీసి చెబుతుంది.

"ఈ యంత్రానికి ముందే పాఠం నేర్పీసుంటావు," అని జెకర్యాతో అంటూ టీచర్ ముందు తన చెయ్యి పెట్టి చూసింది.

"పొర లేదు. కీళ్లవాపు ఉంది," అంది నాడీదర్శి.

అది నిజమే కాబట్టి ఆవిడ చెయ్యి తీసి పక్కకి జరిగింది. తరళ చెయ్యి పెట్టి వాయించింది.

"పొర లాగుడు సున్నా. ఇరవై రెండు నెలలుగా సున్నా. పనిచేస్తున్నది దీపం మాత్రమే," అంది యంత్రం.

జెకర్యా తల దించుకున్నాడు. "నలభై రోజులకి పొర దానంతటదే ఆగిపోయేలా చేశాను టీచర్. దీపం మాత్రం ఒంటి వేడికి వెలుగుతానే ఉంటుంది. ఇది మీ దగ్గర నేర్చుకున్నదే. నా చింతపిక్కని రోజూ నాకు తెలీకుండా కాస్త కాస్త అరగదీశారు, గుర్తుందా? నలభయ్యో రోజుకి పిక్కే లేదు. నేను ఉందనుకుని ఏడాది వాయించాను."

టీచర్ తరళ వేలి మీది చుక్కని పట్టి చూసింది.

"అయితే ఇన్నాళ్లూ వాయించింది నేనేనా?" తరళ సంబరంగా మళ్లీ గిటార్ అందుకుంది. లాగే పొర లేదని తెలిసిందో లేదో, బొటనవేలు పైకి పాకింది. తీగలు బరబరమన్నాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ పాకింది. "టీచర్, వేలు నిలబడ్డం లేదండీ!"

పదిన్నర దాటింది. టీచర్ పిల్ల మొహం వైపు చూసింది. "ఒరే, దీనికి కొత్త పొరొకటి పెట్టరా," అంది ఆవిడే.

"ఇది ఆగిపోయే రకం కాదమ్మా," అంటూ జెకర్యా తరళ వేలి మీది పాత పొర తీసి కొత్తది అతికించాడు. టీచర్ చూడగానే చూపు తిప్పుకున్నాడు. అందులోనూ ఉన్నది దీపమేనని ఆవిడకి అర్థమైంది. అయినా కిక్కురుమనకుండా సంతకం పెట్టేసింది. అబద్ధానికి తోడు పోయినందుకు సిగ్గేసింది కూడా.

పరీక్ష హాల్లో తరళ వెనక వైపు గోడకి ఆనుకుని ఆవిడ ఆ వేలు కదలికనే చూస్తూ కూర్చుంది. పాట మూడో వరసలో వేలు పైకి పాకబోయింది. ఆగింది. దానంతటదే దిగి మధ్యవేలికి ఎదురుగా కుదురుకుంది. ఆ తరవాత ఒక్క తీగా తప్పు పలకలేదు. అప్పుడుగానీ టీచర్ గమనించలేదు, వేలి మీద చుక్క లేదు. ఆనందంతో ఆవిడ కళ్లు చెమర్చాయి.

పెద్ద పరీక్షకుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "బాగానే ఉందమ్మా. కానీ చుక్క లేదేం? వేలు సరైన చోటే ఉందని ఎవర్ని నమ్మి మార్కులు వెయ్యాలి?"

ఫిలోమినాకి పొద్దున్న తను అన్న మాటే మళ్లీ వినపడినట్టయింది.

తరళ జేబులో చెయ్యి పెట్టి, గుప్పెట బయటికి తీసి విప్పింది. అరచేతిలో ముడతలు పడ్డ బొటనపొర ఆకుపచ్చగా వెలుగుతోంది. "దార్లో అనుమానం వచ్చి పీకేశానండి. చూడండి, గుప్పెట్లో ఉన్నా వెలుగుతానే ఉంది," అంది టీచర్ వైపు చూస్తూ.

పరీక్షకుడు ఆ మాటలు పట్టించుకోలేదు. ముందుకి వంగి చుక్కని పరీక్షగా చూశాడు.

"వెలుగుతోందిగా! ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా," అని పూర్తి మార్కులు వేశాడు.