స్నానాల గది ముందు మంచం

ఆ ఇంట్లో పెద్దామె చెవులకు కునుకన్నది లేదు. మోకాళ్ళు మొరాయించాక కొడుకు ఆమె మంచం తెచ్చి స్నానాల గది గుమ్మం పక్కనే వేశాడు. ఇక చూడండి! పడుకున్న చోటనుంచే, కుళాయి చప్పుడుబట్టి ఎవరు నమాజుకు లేచారో, ఎవరు నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ శ్రద్ధగా కడిగి వజూ చేసుకుంటున్నారో, ఎవరు కాళ్ళు తడిపామనిపించి పారిపోతున్నారో చెప్పేసేది.

ఆ ఉదయం టీ గ్లాసు అందుకుంటూ నలుగురిలోనూ అడిగేసింది.

"ఏమ్మా కొత్తకోడలా, ఇవాళ కూడా తెల్లవారుజామున ఫజర్ నమాజుకి లేవలేదేం? నీ చప్పుడే లేదు!"

కొత్తకోడలంటే ఆమె కోడలి తమ్ముడి భార్య. పెళ్ళయి నెల తిరగలేదు. మొగుడికి ఈ ఊరి కరెంటాఫీసుకు బదిలీ అయితే, అద్దె ఇల్లు దొరికేదాకా ఇద్దరూ అతని అక్క ఇంట్లో దిగారు.

"మెలకువ రాలేదు పెద్దమ్మా," అంది తల దించుకుని.

పచ్చి అబద్ధం. మెలకువ రాకేం? మొగుడూ పెళ్ళాలు కలిసిన మర్నాడు తలమీంచి నిండా స్నానం చేయనిదే వజూ చాలదు, నమాజూ లేదు. వచ్చిన మర్నాడే చీకటితో లేచి, తువ్వాలు చంకలో దాచుకుని పిల్లిలా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసిందో లేదో, "ఎవరదీ? ఈ వేళప్పుడు స్నానమేంటే!" అని పెద్దామె కేక. వెంటనే లోపలి గదిలోంచి ఆమె కొడుకు దగ్గు. కొత్తకోడలు సిగ్గుతో చచ్చిపోయి వెనక్కి వచ్చేసింది. మగవాళ్ళు పనికి వెళ్ళాక స్నానం చేసి, తప్పిపోయిన నమాజు ఏడుస్తూ చేసుకుంది. ఊహ తెలిశాక ఫజర్ తప్పడం ఆమెకు అదే మొదలు. పోనీ మొగుణ్ణి దూరం పెడదామంటే కొత్త మొగుడాయె!

అతనికి చెప్పుకుంటే, "తయమ్ముమ్ చేసేయ్, మట్టి తాకితే సరిపోతుందిగా," అన్నాడు తేలిగ్గా.

"అది నీళ్ళు లేనప్పుడండీ! కుళాయి నిండా నీళ్ళు పెట్టుకుని అల్లాకి ఏం చెప్పను, సిగ్గేసిందనా? మీకేం, మసీదు దగ్గర పోసుకుని వచ్చేస్తారు. మగాడు చేస్తే స్నానం, ఆడది చేస్తే కబురు!"



ఇప్పుడు టీ దగ్గర పెద్దామె వదిలేలా లేదు. "మెలకువ రాలేదట! పాతికేళ్ళ మనిషివి, నిద్ర ఆపుకోలేవూ?" అని తన కోడలివైపు తిరిగింది. "ఏరి కోరి తెచ్చుకున్నారు మీ పుట్టింటివాళ్ళు!"

కోడలి ముఖం మాడిపోయింది. "పోనిద్దురూ అత్తయ్యా, కొత్తచోటు కదా."

"చోటు కొత్తదైతే నమాజు కొత్తదా? వాళ్ళమ్మ ఇదేనా నేర్పింది?"

తననెన్ని అన్నా పడేది. అమ్మ జోలికి వచ్చేసరికి కొత్తకోడలికి ఒళ్ళు తెలియలేదు.

"నేర్పింది పెద్దమ్మా! స్నానం చేయకుండా నమాజుకి నిలబడకూడదని కూడా మా అమ్మే నేర్పింది. ఆ స్నానానికి మీ మంచం దాటి వెళ్ళడమెలాగో మాత్రం నేర్పలేదు!"

పెద్దామె కొడుక్కి ఉన్నట్టుండి బండి తాళం కనబడలేదు. చేతిలో పట్టుకునే దాన్ని వెతుక్కుంటూ వీధిలోకి జారుకున్నాడు. బావ వెనకే బావమరిదీ.

కొత్తకోడలు గదిలోకి పరుగెత్తి సంచిలో బట్టలు కుక్కసాగింది. అంత మాట అనేశాక ఇక ఈ ఇంట్లో ముఖమెలా చూపించాలి? నోటికి తాళం వేసుకున్నా పోయేది! కాసేపటికి గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ పెద్దామె వచ్చింది. సంచి పక్కకు జరిపి కూలబడింది.

"తప్పయింది పెద్దమ్మా..."

"నీదేం తప్పే? దారికడ్డంగా పడుకున్నది నేను! నేనూ కొత్తకోడలినే ఒకప్పుడు. మాదీ ఇరుకిల్లే. నేను చీకటితో నీళ్ళు పోసుకోడానికి లేచినప్పుడల్లా మా అత్త ముసుగుతన్ని గురక పెట్టేది. ఆవిడకి మొద్దునిద్రని పుట్టింట్లో చెప్పి నవ్వాను కూడా. వెర్రిమొహాన్ని! ఆవిడ ఏనాడూ నిద్రపోలేదే. నాకు సిగ్గేస్తుందని నిద్ర నటించింది. ఇన్నేళ్ళకి, నువ్వు ఆ మాట అంటే తెలిసింది."

చెప్పి చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొత్తకోడలు ఆమెను పట్టుకుని తనూ ఏడ్చింది.

మర్నాడు తెల్లవారకముందే కొత్తకోడలు స్నానాల గది గడియ తీసింది. లోపల బకెట్లో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. వెనక మంచంమీద దుప్పటి ముసుగులోంచి ఇల్లెగిరిపోయేలా గురక. నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటూ తలుపేసుకుంది. నిండా స్నానం చేసి, వజూ చేసుకుని, వేళకి నమాజుకి నిలబడింది.

ముగించాక దోసిలి పట్టి, తనెన్నడూ చూడని ఆ పాతకాలపు అత్తగారికి స్వర్గం ప్రసాదించమని అందరికన్నా ముందు, పైకే అడిగింది.

గురక ఆగింది. "ఆమీన్," అంది ముసుగు.